లియొనార్ మైకేలిస్

లియొనార్ మైకేలిస్ (జనవరి 16, 1875 - అక్టోబరు 8, 1949) జర్మనీలో జన్మించిన ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. ఎంజైముల చర్యావేగాన్ని గణితరూపంలో వివరించే మైకేలిస్-మెంటెన్ సమీకరణంతో ఇతని పేరు శాశ్వతంగా ముడిపడి ఉంది. ఈ సమీకరణాన్ని కెనడా దేశస్థురాలైన మాడ్ మెంటెన్‌తో కలిసి 1913లో ప్రకటించాడు. ద్రావణపు ఆమ్లత ఎంజైములపై చూపే ప్రభావం, ఆక్సీకరణ చర్యలు, కేశాలలోని కెరాటిన్ మొదలైన విషయాలపై కూడా విశేషమైన కృషి చేశాడు. స్వదేశంలో తగిన పదవి లభించక జపాన్‌కు, తరువాత అమెరికాకు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు.

బాల్యము, విద్యాభ్యాసము

మైకేలిస్ బెర్లిన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి వ్యాపారి. పాఠశాలలో ప్రధానంగా గ్రీకు, లాటిన్ భాషలు బోధించినప్పటికీ అక్కడ ఉన్న ప్రయోగశాల ఇతనికి విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి కలిగించింది. 1893లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. అక్కడ ఆస్కార్ హెర్ట్‌విగ్ వద్ద పిండాభివృద్ధి శాస్త్రం అభ్యసించి, 1898లో విద్యార్థుల కోసం ఆ విషయంపై ఒక చిన్న పాఠ్యగ్రంథం వెలువరించాడు.

తొలి పరిశోధనలు

పట్టభద్రుడైన తరువాత కొంతకాలం పాల్ ఎర్లిక్ వద్ద సహాయకునిగా పనిచేశాడు. రంగుల సాయంతో కణభాగాలను గుర్తించే పద్ధతులను అక్కడ నేర్చుకున్నాడు. జానస్ గ్రీన్ అనే రంగుతో జీవించి ఉన్న కణాలలోని మైటోకాండ్రియాలను స్పష్టంగా చూడవచ్చునని 1900లో కనుగొన్నాడు. ఈ పద్ధతిని కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు నేటికీ ఉపయోగిస్తున్నారు.

విశ్వవిద్యాలయంలో అతనికి ఆచార్యుడనే బిరుదు లభించినా, దానితోపాటు జీతం గాని, ప్రయోగశాల గాని లభించలేదు. అందుచేత 1906లో బెర్లిన్‌లోని ఆమ్ ఉర్బాన్ పురపాలక ఆసుపత్రిలో సూక్ష్మజీవశాస్త్రజ్ఞునిగా చేరాడు. ఆ ఆసుపత్రిలోనే పీటర్ రోనా అనే మిత్రునితో కలిసి ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పాటు చేసుకున్నాడు. మైకేలిస్ ప్రధాన పరిశోధనలలో అనేకం ఇక్కడే జరిగాయి.

1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ పి.హెచ్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. అదే కాలంలో మైకేలిస్ కూడా హైడ్రోజన్ అయానుల గాఢతపై పరిశోధన చేస్తున్నాడు. ఇదే విషయంపై 1914లో అతడు ప్రచురించిన గ్రంథం జీవరసాయన శాస్త్రజ్ఞులకు ప్రామాణికమయింది. అంతకు ముందు 1912లో జీవశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థుల కోసం గణిత పాఠ్యగ్రంథాన్ని కూడా రచించాడు.

మైకేలిస్-మెంటెన్ పరిశోధన

1912లో మాడ్ మెంటెన్ (1879-1960) కెనడా నుండి బెర్లిన్‌కు వచ్చి మైకేలిస్ ప్రయోగశాలలో చేరింది. ఆమె 1911లో టొరంటో విశ్వవిద్యాలయం నుండి వైద్యంలో ఉన్నత పట్టం పొందింది. వీరిద్దరూ ఈస్టు నుండి లభించే ఇన్వర్టేజ్ అనే ఎంజైమును అధ్యయనం చేశారు. ఇది చెరకు చక్కెరను, అనగా సుక్రోజ్‌ను, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొడుతుంది.

ఎంజైము ముందుగా తాను మార్చవలసిన పదార్థంతో (దీనిని అధస్థ పదార్థం అంటారు) కలిసి ఒక సంక్లిష్టంగా ఏర్పడుతుందని, అది విడిపోయినప్పుడు ఉత్పన్నాలు వెలువడతాయని ఫ్రాన్సులో విక్టర్ హెన్రీ 1903లోనే సూచించి, సమీకరణం కూడా రాశాడు. కాని అతని ప్రయోగాలలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ద్రావణపు ఆమ్లతను స్థిరంగా ఉంచకపోవడం. రెండవది, కొత్తగా విడుదలైన గ్లూకోజ్ కాంతిని మరల్చే గుణం కొంతసేపటి వరకు మారుతూనే ఉంటుందన్న విషయాన్ని పరిగణించకపోవడం. కాంతి మరలికను బట్టే చక్కెరను కొలిచేవారు కనుక, ఈ మార్పును లెక్కించకపోతే కొలత తప్పుతుంది.

మైకేలిస్, మెంటెన్ ఈ రెండు లోపాలనూ సరిదిద్దారు. ఎసిటేట్ బఫర్ ద్రావణంతో ఆమ్లతను, 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచారు. నిర్ణీత సమయాలలో తీసిన నమూనాలలో క్షారం కలిపారు. క్షారం ఎంజైము చర్యను ఆపివేయడమే గాక, గ్లూకోజ్ తుదిస్థితికి త్వరగా చేరేటట్లు చేస్తుంది. ఉత్పన్నాలు పేరుకొనక ముందు ఉండే తొలి వేగాన్ని మాత్రమే లెక్కలోనికి తీసుకున్నారు. నేటికీ ఎంజైముల అధ్యయనంలో అనుసరించే పద్ధతి ఇదే.

చర్యావేగాన్ని ప్రభావితం చేసే అంశాలు

అధస్థ పదార్థ గాఢత: గాఢత తక్కువగా ఉన్నప్పుడు దానిని పెంచినకొద్దీ చర్యావేగం దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. క్రమంగా ఎంజైము అణువులన్నీ అధస్థ పదార్థంతో నిండిపోవడం వలన వేగం ఒక గరిష్ఠ విలువను సమీపిస్తుంది. ఏ గాఢత వద్ద వేగం గరిష్ఠ వేగంలో సరిగ్గా సగం ఉంటుందో ఆ గాఢతను మైకేలిస్ స్థిరాంకం అంటారు. గరిష్ఠ వేగాన్ని గాఢతతో గుణించి, ఆ లబ్ధాన్ని స్థిరాంకం, గాఢతల మొత్తంతో భాగిస్తే చర్యావేగం వస్తుంది. ఉదాహరణకు గాఢత స్థిరాంకానికి నాలుగు రెట్లుంటే వేగం గరిష్ఠంలో 80 శాతం, తొమ్మిది రెట్లుంటే 90 శాతం ఉంటుంది. ఇన్వర్టేజ్, సుక్రోజ్‌లకు వీరు లెక్కించిన స్థిరాంకం లీటరుకు 0.0167 మోల్, అనగా సుమారు 5.7 గ్రాముల చక్కెర.

ఎంజైము పరిమాణం: అధస్థ పదార్థం సమృద్ధిగా ఉన్నప్పుడు వేగం ఎంజైము పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఆమ్లత: ప్రతి ఎంజైముకు అనుకూలమైన పి.హెచ్ ఒకటి ఉంటుంది. జఠరరసంలోని పెప్సిన్ తీవ్రమైన ఆమ్లంలోను, ఇన్వర్టేజ్ స్వల్ప ఆమ్లంలోను, ట్రిప్సిన్ స్వల్ప క్షారంలోను చురుకుగా పనిచేస్తాయి.

ఉష్ణోగ్రత: వేడి పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. కాని ఒక హద్దు దాటితే ఎంజైములోని ప్రోటీను నిర్మాణం చెడిపోయి చర్య నిలిచిపోతుంది.

నిరోధకాలు: అధస్థ పదార్థాన్ని పోలిన అణువులు ఎంజైములో దాని స్థానాన్ని ఆక్రమించి వేగాన్ని తగ్గిస్తాయి. చర్యలో వెలువడిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే ఇన్వర్టేజ్‌ను ఈ విధంగా అడ్డగిస్తాయని మైకేలిస్, మెంటెన్ కొలిచి చూపారు.

అబ్డర్‌హాల్డెన్‌తో వివాదం

శరీరంలోనికి పరాయి ప్రోటీను ప్రవేశిస్తే దానిని ఛేదించడానికి రక్తంలో ప్రత్యేకమైన రక్షక ఎంజైములు పుడతాయని జర్మనీలో ఎంతో పలుకుబడి గల ఎమిల్ అబ్డర్‌హాల్డెన్ ప్రతిపాదించాడు. దీని ఆధారంగా గర్భనిర్ధారణ పరీక్షను కూడా ప్రవేశపెట్టాడు. మైకేలిస్ ఆ పరీక్షను స్వయంగా చేసి చూసి, దానితో గర్భవతులను ఇతరుల నుండి వేరుచేయడం సాధ్యం కాదని 1914లో ప్రకటించాడు. తరువాతి కాలంలో రక్షక ఎంజైములనేవి లేవని రుజువయింది. అయితే ఈ వ్యతిరేకత వలన జర్మనీలో మైకేలిస్ ఉద్యోగావకాశాలు దెబ్బతిన్నాయని చరిత్రకారులు భావిస్తారు. అబ్డర్‌హాల్డెన్ మాత్రం జర్మనీలో ఉన్నత పదవులలోనే కొనసాగాడు.

జపాన్, అమెరికా దేశాలలో

1922లో జపాన్‌లోని నగోయా నగరంలో ఐచి వైద్య కళాశాల మైకేలిస్‌ను జీవరసాయన శాస్త్ర ఆచార్యునిగా ఆహ్వానించింది. అప్పటికి అతని వయస్సు 47 సంవత్సరాలు. 1926లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి, 1929లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు వెళ్ళాడు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చి యూదు శాస్త్రవేత్తలను పదవుల నుండి తొలగించే నాటికి ఇతడు దేశం విడిచి పదేళ్ళు దాటింది.

కొన్ని పదార్థాల ఆక్సీకరణం రెండు మెట్లలో, ఒక్కొక్క ఎలక్ట్రాన్ చొప్పున జరుగుతుందని, మధ్యలో సెమీక్వినోన్ అనే స్వేచ్ఛా ప్రాతిపదిక ఏర్పడుతుందని అమెరికాలో నిరూపించాడు. థయోగ్లైకోలిక్ ఆమ్లంలో కెరాటిన్ కరుగుతుందని కూడా కనుగొన్నాడు. జుట్టును శాశ్వతంగా ఉంగరాలు తిప్పే సౌందర్య ప్రక్రియకు ఇది ఆధారమయింది. 1941లో పదవీ విరమణ చేసినా పరిశోధన మానలేదు. 1943లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. మైకేలిస్‌కు భార్య హెడ్విగ్, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. పియానో వాయించడంలో మంచి నేర్పరి. 1949 అక్టోబరు 8న న్యూయార్క్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

1913 నాటికి ఎంజైములు ఏ జాతి పదార్థాలో కూడా తెలియదు. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసి అది ప్రోటీను అని చూపాడు. పదార్థ స్వభావం తెలియకపోయినా, పరిస్థితులను స్థిరంగా ఉంచి జాగ్రత్తగా కొలిస్తే దాని పనితీరును గ్రహించవచ్చునని మైకేలిస్, మెంటెన్‌ల కృషి నిరూపించింది. 1925లో బ్రిగ్స్, హాల్డేన్ ఈ సమీకరణానికి మరింత విస్తృతమైన ఆధారాన్ని సమకూర్చారు. 2011లో జాన్సన్, గూడీ అనే శాస్త్రవేత్తలు 1913 నాటి వ్యాసాన్ని ఆంగ్లంలోనికి అనువదించి, అందలి కొలతలను కంప్యూటర్‌తో తిరిగి విశ్లేషించగా ఫలితాలు సరిపోయాయి.

వైద్యరంగంలో ఈ గతిశాస్త్రం ప్రాణాలను కాపాడుతున్నది. కల్తీసారాలోని మిథనాల్ కాలేయంలోని ఎంజైము వలన విషపూరితమైన ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. అదే ఎంజైముకు ఇథనాల్ పట్ల ఆకర్షణ ఎక్కువ. అందుచేత ఆసుపత్రులలో వైద్యులు పర్యవేక్షణలో ఇథనాల్‌ను గాని, ఆ ఎంజైమును అడ్డగించే ఫోమెపిజోల్ అనే మందును గాని ఇచ్చి, మిథనాల్ విషంగా మారే వేగాన్ని తగ్గిస్తారు.