పక్షుల బాట తెలుసుకున్న సలీం అలీ

చలికాలంలో హోసూరు చెరువుల ఒడ్డునో, కృష్ణగిరి ఆనకట్ట నీటి అంచునో తోక ఆడిస్తూ పురుగులను ఏరుకొనే ఉల్లంకి పిట్టను చూశారా? ఎండలు ముదిరేసరికి అది కనిపించదు. హిమాలయాలకో, ఇంకా ఉత్తరాన ఉన్న చల్లని దేశాలకో వెళ్ళిపోతుంది. ఇటువంటి వలసపక్షుల రాకపోకలను మన దేశంలో శాస్త్రీయంగా పరిశోధించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. ఒకనాడు గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుమీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పిచ్చుకో మేనమామకూ తెలియలేదు. ఆయన బాలుణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. సంఘ కార్యదర్శి మిల్లర్డ్ ఆ పిచ్చుక పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షులను చూపించారు. బాలుని జీవితం అక్కడే మలుపు తిరిగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేనందున సలీం అలీకి కోరిన ఉద్యోగం దక్కలేదు. జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి ఉన్న ఉద్యోగమూ పోయింది. అయినా ఆయన అధైర్యపడలేదు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో తిరిగి అక్కడి పక్షులను పరిశీలించారు.

1959లో ఆయన నాయకత్వాన సంఘం పెద్ద ఎత్తున వలసపక్షుల పరిశోధన ప్రారంభించింది. పక్షులను వలలతో పట్టి, కాలికి సంఖ్య, చిరునామా గల తేలికైన ఉంగరం తొడిగి విడిచేవారు. తమిళనాడులోని కోడిక్కరై తీరంలోనూ ఈ పని సాగింది. మన దేశంలో ఉంగరం తొడిగిన పక్షులు కొన్ని దూరాన సైబీరియాలో దొరికాయి. అయితే, ఉంగరం మళ్ళీ ఎవరికైనా దొరికితేనే పక్షి జాడ తెలిసేది. నడుమ అది ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు.

సలీం అలీ 1987 జూన్ 20న మరణించారు. ఆ తరువాత చిన్న పక్షులకు సైతం అమర్చదగిన ప్రసార పరికరాలు వచ్చాయి. అవి పంపే సంకేతాలను ఉపగ్రహాలు అందుకొంటాయి. 2007లో అటువంటి పరికరం గల ఒక తీరపక్షి న్యూజిలాండు నుండి బయలుదేరి, చైనా తీరపు బురదనేలలలో ఆగి మేత మేసి, అలాస్కా చేరింది. తిరుగు ప్రయాణంలో 11,000 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ఎక్కడా వాలకుండా సుమారు ఎనిమిది రోజులలో దాటింది.

అంత దూరం ఎగరడానికి శక్తినిచ్చేది మజిలీలో దొరికే మేతే. మజిలీ పాడైతే ప్రయాణమే ఆగిపోతుంది. మన ఊరి చెరువు కూడా ఏదో ఒక పక్షికి మజిలీయే. దానిని పూడిపోకుండా, చెత్తతో నిండకుండా కాపాడుకోవడమే సలీం అలీకి మనం అర్పించే నిజమైన నివాళి.