స్ఫటికముల లెక్క సరిదిద్దిన ఆచార్యులు

నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909వ సంవత్సరమున జన్మించిన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పుచ్చుకొని, 1928లో కలకత్తా చేరి సి.వి. రామనుగారి శిష్యులైరి. రామను ఫలితము వెలువడిన సంవత్సరమదియే. గురువుగారికివలెనే శిష్యునకును వజ్రముపై మక్కువ కుదిరినది. 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి.

స్ఫటికమును లాగినను, నొక్కినను అందలి అణువుల అమరిక ఇంచుక చెదరును. ఆ మార్పు కంటికి కానరాదు గాని, లోపలినుండి సాగు కాంతి దానిని పట్టియిచ్చును. ఏ దిక్కున లాగిన కాంతి నడక ఎట్లు మారునో తెలుపుటకు ఎన్ని స్థిరాంకములు కావలయునన్నది ప్రశ్న. సౌష్ఠవమునుబట్టి స్ఫటికములు 32 తరగతులు. వానిలో ఒక్కొక్కదానికి జర్మను పండితుడు పోకెల్సు లెక్క కట్టియుంచెను. శాస్త్రజ్ఞులు దానినే అనుసరించుచుండిరి. భగవంతముగారు సమూహ సిద్ధాంతమను గణితముతో ఆ లెక్కను మరల వేసి, కొన్ని తరగతులలో అది తప్పని 1942లో నిరూపించిరి. ఇందులకు యంత్రములతో పనిలేదు. కాగితము, కలము చాలినవి. పెద్దలు వేసిన లెక్కను మరల వేసి చూచుట మన తరగతి గదులలో నేటికిని అరుదే!

వారు ప్లాస్టిక్కులపై పరిశోధించినవారు కారు. అయినను ప్రశ్న దగ్గరిదే. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల పూలతోటలపై కప్పు పాలిథీను పొరను తీసికొనుడు. ఒక ముక్కను చేతపట్టి గట్టిగా లాగినచో, అందలి చిన్న స్ఫటికపు పలకలు విడివడి, గొలుసులవంటి అణువులు లాగిన దిక్కునకే బారులు తీరును. పొర ఆ దిక్కున గట్టిపడును. కాని ఆ బారుల వెంబడి నిలువునా సులువుగ చీలును. దిక్కునుబట్టి గుణము మారుట యన్న నిదియే.

వజ్రము కథ వేరు. భీమసేనాచారుగారితో కలసి అతిధ్వని తరంగములతో దాని స్థితిస్థాపక స్థిరాంకములను కొలిచి, 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. 1957లో అమెరికాలో జరిగిన కొలతలు ఆ అంకెలను సవరించినవి. పోకెల్సును దిద్దిన లెక్క మాత్రము నిలిచినది.

1949లో ఉస్మానియాకు వచ్చి, 1952 నుండి 1957 వరకు వైస్ ఛాన్సలరుగను, పిమ్మట బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగను, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగను పనిచేసిరి. ఢిల్లీ కొలువులో నుండియు స్ఫటికములను విడువలేదు. వాని సౌష్ఠవముపై వారి గ్రంథము 1966లో వెలువడినది. 1989లో కాలధర్మము నొందిరి.