అరిస్టైడిస్ - పెంకుల తీర్పు

పగిలిన కుండ ముక్కను మనం పెంకు అంటాం. గ్రీకులు దానిని ఓస్ట్రకాన్ అన్నారు. ఈజిప్టు నుంచి దిగుమతి అయ్యే పపైరసు పత్రాలు ఖరీదైనవి కావడం వల్ల ఏథెన్సు నగర పౌరులు చిన్న చిన్న రాతకోతలకు పెంకులనే వాడుకునేవారు. ఆ పెంకు నుంచే ఓస్ట్రకిస్మోస్ అనే రాజకీయ పదం పుట్టింది. అదే ఇంగ్లీషులో ఆస్ట్రసిజం అయింది. దానికి మన నిఘంటువులు వెలి, బహిష్కారం అని అర్థాలు చెబుతాయి. ఆ అర్థం పూర్తిగా సరిపోతుందా అన్నది ఆలోచించవలసిన విషయం. అందుకు ఆ శిక్షకు గురైన అరిస్టైడిస్ జీవితం చక్కని ఆధారం.

అరిస్టైడిస్ క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్సు సమీపంలోని అలోపెకె అనే పల్లెకు చెందిన కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు లైసిమాకస్. అతని యౌవనంలోనే ఏథెన్సు తన నిరంకుశ పాలకుడైన హిప్పియాసును క్రీ.పూ. 510లో వెళ్లగొట్టింది. రెండేళ్ల తరువాత క్లైస్తనీస్ అనే నాయకుడు పౌరులందరినీ పది గణాలుగా విభజించి ప్రజాపాలనకు పునాది వేశాడు. అరిస్టైడిస్ ఆయన పక్షాన నిలిచాడని ప్లూటార్కు రాశాడు. ప్లూటార్కు ఈ సంఘటనల తరువాత సుమారు ఐదు వందల ఏళ్లకు జీవించినవాడు కాబట్టి, అతడు చెప్పిన కథలన్నింటినీ అక్షరసత్యాలుగా గ్రహించనక్కరలేదు.

క్రీ.పూ. 490లో పర్షియా సైన్యం మారథాన్ మైదానంలో దిగింది. ఏథెన్సు సేనకు పదిమంది సేనానులు. సేనాధిపత్యం రోజుకొకరిది. అరిస్టైడిస్ తన వంతు వచ్చిన రోజున యుద్ధకళలో తనకంటె నిపుణుడైన మిల్టియాడిస్‌కు ఆ అధికారాన్ని అప్పగించాడు. మిగిలినవారు ఆయన దారినే అనుసరించారు. విజయానంతరం కొల్లసొమ్ముకు కాపలాగా ఆయననే ఉంచారు. గుడారాలలో వెండి బంగారాలు కుప్పలుగా పడి ఉన్నా ఆయన చేయి వాటిని తాకలేదు. మరుసటి ఏడాది ఆర్కన్ అనే ఉన్నత పదవి ఆయనను వరించింది.

వివాదాలు తీర్చడంలోనూ ఆయనకు గొప్ప పేరు. ఒక వ్యాజ్యంలో వాది, తన ప్రత్యర్థి గతంలో అరిస్టైడిస్‌కు ఎంతో కీడు చేశాడని గుర్తుచేయబోయాడట. తన సంగతి పక్కన పెట్టి, అతడికి జరిగిన అన్యాయమేదో చెప్పమని అరిస్టైడిస్ అడిగాడు. ఇటువంటి నడవడి వల్ల జనం ఆయనను ధర్మాత్ముడు అని పిలవసాగారు. పాండవాగ్రజునికి ధర్మరాజు అన్న పేరు స్థిరపడినట్లే ఈయనకు ఆ బిరుదు స్థిరపడింది. ధర్మరాజు పాచికల వల్ల అడవి పాలయ్యాడు. అరిస్టైడిస్ పెంకుల వల్ల దేశం విడిచాడు.

ఆయనకు థెమిస్టొక్లీస్ అనే ప్రబల ప్రత్యర్థి ఉండేవాడు. క్రీ.పూ. 483లో లారియం గనులలో వెండి విరివిగా దొరికింది. ఆ వెండిని పౌరులకు తలా ఇంత అని పంచుదామని కొందరు తలపెట్టగా, యుద్ధనౌకలు నిర్మిద్దామని థెమిస్టొక్లీస్ పట్టుబట్టాడు. అరిస్టైడిస్ ఆ నౌకాదళ విధానాన్ని వ్యతిరేకించాడని పలువురు చరిత్రకారులు ఊహిస్తారు. ఇద్దరి వైరం ముదిరింది. మరుసటి ఏడాది నగరం పెంకుల తీర్పును కోరింది.

ఆ పద్ధతి ఇది. ఏటా ఒకసారి, ఆ ఏడు వెలి జరపాలా వద్దా అని ప్రజాసభను అడుగుతారు. సభ అంగీకరిస్తే కొన్ని వారాల తరువాత అగోరా అనే సంతమైదానంలో దడి కట్టి, పది గణాలకు పది ద్వారాలు ఏర్పరుస్తారు. పౌరుడు తనకు గిట్టని నాయకుని పేరు పెంకు మీద గీకి, రాత కనబడకుండా బోర్లించి అప్పగిస్తాడు. మొత్తం పెంకులు ఆరు వేలకు తగ్గితే ఆ తీర్పు చెల్లదు. ఎక్కువ పెంకుల మీద ఎవరి పేరుంటే అతడు పది రోజులలో నగరం విడవాలి. పదేళ్లు తిరిగి రాకూడదు. నేరారోపణ ఉండదు, విచారణ ఉండదు, సమాధానం చెప్పుకునే అవకాశమూ ఉండదు. ఎవరైనా మరల నిరంకుశుడు కాగలడేమోనన్న భయంతో చేసిన చట్టమిది. దీనిని క్లైస్తనీస్ చేశాడని ప్రతీతి. క్రీ.పూ. 487లో మొదటిసారి ప్రయోగించారు.

ఆ రోజున జరిగినట్లుగా ప్లూటార్కు ఒక కథ చెప్పాడు. చదువురాని ఒక పల్లెటూరి మనిషి తన పక్కనున్న వ్యక్తికి పెంకు అందించి, దాని మీద అరిస్టైడిస్ పేరు రాసిపెట్టమన్నాడు. ఆ పక్కనున్నది అరిస్టైడిసే. ఆయన ఆశ్చర్యపడి, అరిస్టైడిస్ నీకు చేసిన అపకారమేమిటని అడిగాడు. ఏమీ లేదని, అసలతడు ఎవరో కూడా తనకు తెలియదని, ఎక్కడ విన్నా అతడిని ధర్మాత్ముడంటుంటే వినలేక విసుగెత్తిందని ఆ మనిషి బదులిచ్చాడు. అరిస్టైడిస్ మారుమాట లేకుండా తన పేరు తానే రాసి పెంకును తిరిగి ఇచ్చాడు. నగరం వీడేటప్పుడు, ఏథెన్సు ప్రజలు తనను తలచుకోవలసిన ఆపద ఎన్నడూ రాకూడదని దేవతలను ప్రార్థించాడట.

ఈ వెలికీ మనకు తెలిసిన వెలికీ ఒక భేదముంది. వెలి అంటే వెలుపల. వెలివాడ అన్న మాటలోనూ అదే ధాతువు. ఏథెన్సులో వెలికి గురైనవాడి ఆస్తి అతడిదే, పౌరసత్వం అతడిదే, కుటుంబానికి ఏ లోటూ ఉండదు. గడువు తీరితే మునుపటి గౌరవంతో తిరిగి రావచ్చు. బలవంతుడైన నాయకుడికే అది వర్తించింది. మన వెలి అలా కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయననూ ఆయనకు తోడ్పడినవారినీ కులం వెలివేసింది. బెదిరి ప్రాయశ్చిత్తం చేసుకున్నవారూ ఉన్నారు. ఇందల్వాయి నుంచి ఆర్మూరు దాకా ఉన్న పల్లెల విద్యార్థులకు గ్రామాభివృద్ధి కమిటీ అన్న మాట కొత్త కాదు. చట్టం గుర్తించని ఈ కమిటీలు గుడి, బడి వంటి పనులకు చందాలు కూర్చి మేలు చేసిన సందర్భాలున్నాయి. అయితే నిజామాబాదు జిల్లాలో కమిటీ మాట కాదన్న కుటుంబాలను, కొన్నిచోట్ల కులాలకు కులాలనే సాంఘికంగా బహిష్కరించిన ఉదంతాలు పత్రికలకు, పోలీసు ఠాణాలకు ఎక్కాయి. దుకాణంలో సరుకు ఇవ్వరు, పొలానికి కూలీలు రారు, పలకరించినవారికి జరిమానా. పొరుగునున్న మహారాష్ట్ర ఇటువంటి బహిష్కరణను నేరంగా ప్రకటిస్తూ చేసిన చట్టం 2017లో అమలులోకి వచ్చింది. ఏథెన్సు వెలిలో కనీసం లెక్క ఉంది, గడువు ఉంది. మన వెలిలో ఆ రెండూ లేవు.

అరిస్టైడిస్ పదేళ్లు ఆగనక్కరలేకపోయింది. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సీజ్ దండెత్తి రాగా ఏథెన్సు తాను వెలివేసినవారిని వెనక్కు పిలిచింది. ఆయన రాత్రివేళ శత్రునౌకల నడుమ నుంచి సలామిస్ ద్వీపం చేరి నేరుగా థెమిస్టొక్లీస్ వద్దకు వెళ్లాడు. గ్రీకు నౌకలను శత్రువు చుట్టుముట్టిన వార్తను అందించి, పాత వైరం మరచి అతడికి సహకరించాడు. ఆ యుద్ధాన్ని గెలిపించినవి లారియం వెండితో కట్టిన నౌకలే. వెండి విషయంలో అరిస్టైడిస్ మాటే చెల్లి ఉంటే సలామిస్ విజయం ఉండేది కాదు. ధర్మాత్ముని సలహా ప్రతిసారీ సరైనదే కానక్కరలేదు.

మరుసటి ఏడాది ప్లాటియా యుద్ధంలో ఏథెన్సు సేనను ఆయనే నడిపించాడు. క్రీ.పూ. 478లో గ్రీకు నగరాలు డీలోస్ కూటమిగా ఏర్పడినప్పుడు, ఏ నగరం ఎంత కప్పం చెల్లించాలో నిర్ణయించే భారం ఆయన మీద పెట్టాయి. మొత్తం 460 టాలెంట్లు. ఆ నిర్ణయం న్యాయమైనదని నగరాలు మెచ్చుకున్నాయి. అంత ధనాన్ని లెక్కగట్టిన ఆ మనిషి బీదవాడుగానే మరణించాడు. అంత్యక్రియలకు తగిన సొమ్ము ఇంట లేకపోగా ఫలేరం రేవు వద్ద నగరమే సమాధి కట్టించిందని, కుమార్తెల పెళ్లిళ్లకు ప్రజాధనం నుంచే కట్నమిచ్చారని ప్లూటార్కు చెప్పాడు.

ఆయన ప్రత్యర్థి థెమిస్టొక్లీస్‌నూ కొన్నేళ్లకు పెంకులే సాగనంపాయి. 1937లో ఏథెన్సు కోట ఉత్తరపు వాలున ఒక పాడుబావిలో థెమిస్టొక్లీస్ పేరున్న పెంకులు సుమారు 190 దొరికాయి. ఆ రాత పద్నాలుగు మంది చేతులది మాత్రమే. ముందే రాయించి ఓటర్లకు పంచేందుకు ఎవరో సిద్ధం చేసి ఉంచారన్నమాట. క్రీ.పూ. 416 ప్రాంతంలో హైపర్బొలస్ అనే సామాన్య నాయకుడి మీద ప్రయోగించిన తరువాత ఆ పద్ధతి మూలపడింది. అయినా ఏటా ప్రజాసభను అడిగే ఆచారం మాత్రం వంద ఏళ్ల దాకా కొనసాగింది.

తవ్వకాలలో ఇప్పటికి పదకొండు వేలకు పైగా పెంకులు బయటపడ్డాయి. లైసిమాకస్ కుమారుడు అరిస్టైడిస్ అన్న రాత వాటిలో కొన్నింటిపై నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది.