రూజ్‌వెల్ట్ తొలి ఏనుగు వేట: రెండు తూటాల తరువాత ఖాళీ అయిన తుపాకి

అమెరికా 26వ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909 మార్చి 4న పదవీ బాధ్యతల నుంచి వైదొలిగారు. సరిగ్గా పందొమ్మిది రోజులకు, మార్చి 23న, కుమారుడు కెర్మిట్‌తో కలిసి న్యూయార్క్‌లో ఓడ ఎక్కారు. గమ్యం తూర్పు ఆఫ్రికా. స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియానికి జంతువుల నమూనాలు సేకరించడం ఆ యాత్ర ప్రకటిత లక్ష్యం. బాల్యం నుంచి పుస్తకాల్లో చదువుతూ వచ్చిన ఏనుగు, సింహం, ఖడ్గమృగాలను స్వయంగా ఎదుర్కోవాలన్నది ఆయన మనసులోని కోరిక. అప్పటికి ఆయన వయసు యాభై ఏళ్లు. అమెరికాలో ఎలుగుబంట్లను, అడవిదున్నలను వేటాడిన అనుభవం ఉన్నా, ఏనుగు వేట ఆయనకు పూర్తిగా కొత్త. ఏ తుపాకి, ఏ తూటా అన్న ప్రశ్నపై ఆయన బయలుదేరడానికి చాలా ముందు నుంచే తర్జనభర్జన పడ్డారు.

మసక చూపు, తీరని ఆసక్తి

1858 అక్టోబరు 27న న్యూయార్క్‌లో సంపన్న కుటుంబంలో జన్మించిన రూజ్‌వెల్ట్ బాల్యంలో ఉబ్బసంతో బాధపడ్డారు. పక్షులను, చిన్న జంతువులను సేకరించి వాటి చర్మాలను భద్రపరచడం ఆయనకు ఇష్టమైన వ్యాపకం. పదమూడేళ్ల ప్రాయంలో తొలి తుపాకి చేతికి వచ్చినప్పుడే, తోటి పిల్లలకు కనిపించే గురి తనకు కనిపించడం లేదని గ్రహించారు. అప్పుడు పెట్టుకున్న కళ్లద్దాలు జీవితాంతం ఆయన ముఖంలో భాగమయ్యాయి. అధ్యక్షునిగా ఉన్న కాలంలో బాక్సింగ్ సాధన చేస్తుండగా తగిలిన దెబ్బతో ఎడమ కంటి చూపు కూడా దెబ్బతిన్నది. ఆఫ్రికాకు ఆయన అనేక జతల కళ్లద్దాలు వెంట తీసుకువెళ్లారు.

వేటగాడైన ఈ వ్యక్తే తన దేశంలో వన్యప్రాణి సంరక్షణకు బలమైన పునాది వేశారు. 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ స్థాపనకు నాయకత్వం వహించారు. అధ్యక్షునిగా 5 జాతీయ ఉద్యానాలకు, 51 పక్షి సంరక్షణ కేంద్రాలకు, 150 జాతీయ అరణ్యాలకు రూపమిచ్చారు. 1902లో మిసిసిపీలో కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఆయన నిరాకరించిన ఉదంతం నుంచే నేటి పిల్లల టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది.

ఏనుగుకు తగిన తూటా ఏది?

ఏనుగు దేహం ఎంత పెద్దదో, ప్రాణాంతకమైన గురి అంత చిన్నది. దాని తల చాలా భాగం తేనెపట్టును పోలిన గాలి గదులతో నిండిన ఎముక. మెదడు ఆ ఎముకల వెనుక, లోపలికి ఒదిగి ఉంటుంది. పక్క నుంచి చూస్తే కంటికీ చెవి రంధ్రానికీ మధ్య ప్రాంతంలో దాని స్థానాన్ని అంచనా వేయవచ్చు. ఎదురుగా వచ్చే ఏనుగు తల ఎత్తినా దించినా ఆ స్థానం మారినట్లే ఉంటుంది. కొన్ని అంగుళాల తేడా వస్తే తూటా మెదడును తాకకుండానే పోతుంది.

అందుకే తూటా బరువుతో పాటు దాని నిర్మాణమూ ముఖ్యమే. సింహానికి, జింకకు మెత్తని మొన ఉన్న తూటాలు సరిపోతాయి. అవి శరీరంలోకి ప్రవేశించగానే విచ్చుకుని పెద్ద గాయం చేస్తాయి. ఏనుగు పుర్రెపై అవే తూటాలు ముందే విచ్చుకుని మధ్యలోనే ఆగిపోతాయి. మొన సహా గట్టి లోహపు తొడుగు ఉండి, రూపం చెడకుండా నేరుగా దూసుకుపోయే తూటా మాత్రమే అక్కడ పనికివస్తుంది.

ఈ పరిజ్ఞానం వేటగాళ్లకు ఒక్కరోజులో రాలేదు. యాత్ర ఏర్పాట్లలో రూజ్‌వెల్ట్‌కు సలహాలిచ్చిన ప్రసిద్ధ బ్రిటిష్ వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్ 1870వ దశకంలో దక్షిణాఫ్రికాలో వేట ప్రారంభించినప్పుడు గొట్టం మూతి నుంచి మందు దట్టించే నాలుగో నంబరు నాటు తుపాకులు వాడారు. వాటి గుండు బరువు పావు పౌను, అంటే 110 గ్రాములకు పైమాటే. వాటి ఎదురుదెబ్బ కాల్చేవారి భుజాన్నే కుదిపేసేది. 1890వ దశకంలో పొగ అతి తక్కువగా వచ్చే కార్డైట్ మందు వచ్చాక, తేలికైన తూటాలు కూడా రెట్టింపు వేగంతో లోతుగా దిగసాగాయి.

అప్పుడు కొత్త వాదం మొదలైంది. స్కాట్లాండ్‌కు చెందిన వాల్టర్ బెల్ కేవలం ఏడు మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తో వందలాది ఏనుగులను నేలకూల్చారు. పుర్రెలను కోయించి మెదడు స్థానాన్ని అధ్యయనం చేసిన నిపుణుడికి అది సాధ్యమైంది. తొలిసారి ఏనుగు ముందు నిలబడే వ్యక్తికి, అందునా చూపు మందగించిన వ్యక్తికి, అంత కచ్చితత్వం ఆశించడం ప్రమాదకరం. గురి కొద్దిగా తప్పినా ఆ దెబ్బకు ఏనుగు దిమ్మెరపోయేంత బలమైన ఆయుధం అవసరం.

ఒక విచిత్రమైన కానుక

రూజ్‌వెల్ట్ మూడు రకాల రైఫిళ్లు ఎంచుకున్నారు. అమెరికా సైన్యం వాడే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌ను వేటకు అనువుగా మార్పించుకున్నారు. మధ్యస్థ జంతువుల కోసం 405 రకం వించెస్టర్ రైఫిల్‌ను తీసుకున్నారు. పిడి కొలతలు, గురి చూసే అమరికలు తన శరీరానికీ కళ్లకూ సరిపోవాలని ఆ కంపెనీతో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించారు.

ఏనుగుల కోసం మాత్రం లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తయారు చేసిన జంట గొట్టాల రైఫిల్ ఆయన చేతికి వచ్చింది. అది 500/450 రకం. దాని తూటా బరువు సుమారు 31 గ్రాములు. సెకనుకు 600 మీటర్లకు పైగా వేగంతో అది దూసుకుపోతుంది. రెండు గొట్టాలు, రెండు మీటలు ఉండడం వల్ల గొళ్లెం లాగే పని లేకుండా రెప్పపాటులో రెండో తూటా పేల్చవచ్చు. అయితే ఆ రెండూ అయిపోయాక, తుపాకిని విరిచి, ఖాళీ తొడుగులు తీసి, కొత్తవి నింపేదాకా అది ఉత్త ఇనుప కడ్డీయే.

ఆ రైఫిల్‌ను రూజ్‌వెల్ట్ కొనలేదు. ఎడ్వర్డ్ నార్త్ బక్స్‌టన్ చొరవతో యాభై మందికి పైగా ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞులు, వేటగాళ్లు చందాలు వేసుకుని ఆయనకు బహూకరించారు. జాతీయ ఉద్యానాలు, అరణ్యాల ద్వారా జంతుజాతులను కాపాడినందుకు కృతజ్ఞతగా ఆ కానుక ఇచ్చారు. ప్రాణులను రక్షించిన చేతికి ఏనుగులను చంపే ఆయుధం బహుమతిగా దక్కింది. ఆనాటి ప్రముఖుల దృష్టిలో అందులో వైరుధ్యం ఏమీ లేదు.

ఈ తూటాకు భారతదేశ చరిత్రతోనూ ఒక ముడి ఉంది. తిరుగుబాటుదారుల వద్ద ఉన్న పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్లకు 450 రకం తూటాలు ఉపయోగపడతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 20వ శతాబ్దపు తొలి దశకంలో భారత్, సూడాన్‌లలోకి ఆ పరిమాణపు రైఫిళ్ల దిగుమతిని నిషేధించింది. దాంతో హాలండ్ సంస్థ భారత్‌లోని తన ఖాతాదారుల కోసం 465 రకాన్ని రూపొందించవలసి వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో ఆ ఆంక్ష లేదు.

కెన్యా పర్వతంపై ఆ క్షణం

1909 ఏప్రిల్‌లో మొంబాసా చేరిన బృందం కొన్ని నెలల తరువాత కెన్యా పర్వత సానువుల్లోని తడి అడవుల్లో ఏనుగుల జాడ పట్టింది. వెంట అనుభవజ్ఞుడైన వేటగాడు ఆర్.జె. కనింగ్‌హామ్, దారి చూపే స్థానిక దొరోబో వేటగాళ్లు ఉన్నారు. దట్టమైన పొదల మధ్య ఏనుగు చప్పుడు వినిపించినా దేహం కనిపించదు. చివరకు ముప్పై గజాల దూరంలో ఒక మగ ఏనుగు తల కనిపించింది.

రూజ్‌వెల్ట్ పేల్చిన తొలి తూటా మెదడుకు కొన్ని అంగుళాల దూరంలో తగిలింది. ఏనుగు పడలేదు, కానీ తూలింది. హాలండ్ రైఫిల్‌ను ఎంచుకున్నది అటువంటి క్షణం కోసమే. వెంటనే పేలిన రెండో తూటాకు అది కుప్పకూలింది.

సరిగ్గా అప్పుడే ఎడమ వైపు పొదలు చీల్చుకుంటూ మరో మగ ఏనుగు ఆయన పైకి దూసుకువచ్చింది. తొండం చాస్తే అందేంత దగ్గరకు వచ్చింది. చేతిలోని అద్భుతమైన తుపాకి ఖాళీగా ఉంది. రూజ్‌వెల్ట్ చెట్టు చాటుకు తప్పుకుంటూ తుపాకి తెరిచి తూటాలు నింపసాగారు. ఆ లోపల కనింగ్‌హామ్ రెండుసార్లు కాల్చి ఏనుగును మళ్లించారు. గాయపడిన ఆ ఏనుగు ఘీంకరిస్తూ అడవిలో కలిసిపోయింది. వెతికినా దొరకలేదు. నేలకూలిన ఏనుగు దంతాల జత బరువు 130 పౌన్లు, అంటే దాదాపు 59 కిలోలు. తుపాకి ఎంపికలో ఏ లోపమూ లేదు. అయినా ఆ రోజు రూజ్‌వెల్ట్ ప్రాణాన్ని నిలిపింది పక్కన నిలబడిన మనిషి.

లెక్క, శేషం

1910 మార్చిలో ఖార్టూమ్‌లో యాత్ర ముగిసేనాటికి తండ్రీకొడుకులు కలిసి 512 జంతువులను కాల్చారు. వాటిలో ఏనుగులు 11. స్మిత్‌సోనియన్‌కు చేరిన నమూనాలు, మొక్కలతో సహా, 23 వేలకు పైమాటే. అవి పరిశోధకులకు విలువైన సంపద అయ్యాయి. అప్పటికే అరుదైన తెల్ల ఖడ్గమృగాలను కూడా చంపడంపై విమర్శలూ వచ్చాయి.

1912 అక్టోబరు 14న మిల్వాకీలో ఎన్నికల ప్రచారంలో ఉండగా ఒక దుండగుడు రూజ్‌వెల్ట్ ఛాతీపై కాల్చాడు. జేబులో మడిచిన ప్రసంగం కాగితాలు, కళ్లద్దాల ఉక్కు పెట్టె ఆ తూటా వేగాన్ని తగ్గించాయి. అది చివరి వరకు ఆయన దేహంలోనే ఉండిపోయింది. 1919 జనవరి 6న ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

భారత ఉపఖండంలో ఏనుగుకు చట్టపరమైన రక్షణ ఆయన యాత్రకు ముందే మొదలైంది. నేటి ఆంధ్ర ప్రాంతం భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1873లోను, బ్రిటిష్ ఇండియాలో 1879లోను చట్టాలు వచ్చాయి. స్వతంత్ర భారతం 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసి, 1977లో ఏనుగును అత్యున్నత రక్షణ జాబితాలో చేర్చింది. అదే 1977లో కెన్యా అన్ని రకాల వేటనూ నిషేధించింది. రూజ్‌వెల్ట్ తొలి ఏనుగును కూల్చిన పర్వతం నేడు జాతీయ ఉద్యానం. ఆయన తన దేశంలో నాటిన భావన ఆయన వేటాడిన అడవికీ చేరింది. ఆ తుపాకికి మాత్రం అక్కడ ఇక చోటు లేదు.