బీటా కిరణాల స్వామీజీ

ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్‌కి ఒక సన్యాసి పేరుంది. కొత్తగా విన్నవాళ్ళు ఎవరో దాత పేరేమో అనుకుంటారు. కాదండీ, ఆ విభాగాన్ని పునాది నుంచి కట్టిన సైంటిస్టే స్వామి జ్ఞానానంద.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టారు. యవ్వనంలోనే ఇల్లు వదిలి హిమాలయాల దారి పట్టారు. ఏళ్ళ తరబడి యోగసాధన. అక్కడితో ఆగిపోయుంటే ఇంకో స్వామీజీ అయ్యేవారు, అంతే. 1927లో జర్మనీ వెళ్ళారు. ఫిజిక్స్ లాగేసింది. ముప్పై దాటాక మళ్ళీ స్టూడెంట్! ప్రేగ్‌లో చార్లెస్ యూనివర్సిటీలో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన, తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పని.

బీటా కిరణాలంటే కేంద్రకం విసిరే ఎలక్ట్రాన్లే. అయస్కాంత క్షేత్రంలోకి వదిలితే నెమ్మదైనవి ఎక్కువ వంగుతాయి, వేగంగా వచ్చేవి తక్కువ. ఆ వంపును కొలిస్తే శక్తి తెలుస్తుంది. శక్తుల లెక్క బట్టి కేంద్రకంలోని శక్తి స్థాయిలు ఊహించవచ్చు. దారిలో గాలి ఉంటే మాత్రం ఎలక్ట్రాన్ దానికి తగిలి చెదిరిపోతుంది, కొలత పాడవుతుంది. అందుకే వాక్యూమ్ అంత ముఖ్యం. స్వామీజీ ఏకంగా దాని మీద 'హై వాక్యూవా' అనే పుస్తకమే రాశారు. అది 1947లో అమెరికాలో అచ్చయింది.

ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశాక 1954లో విశాఖ వచ్చారు. అప్పటికి ఊళ్ళో పోర్టు ఉంది గానీ స్టీల్‌ప్లాంట్ ఊసే లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాడ్టర్ ఎలక్ట్రాన్లను కేంద్రకాల మీదికి కొట్టి, అవి చెదిరే తీరు బట్టి కేంద్రకం సైజు కొలుస్తున్నాడు (1961లో నోబెల్ వచ్చింది). దానికి భారీ యాక్సిలరేటర్ కావాలి. మనకెక్కడిది? కానీ బయటి నుంచి ఎలక్ట్రాన్‌ని కొట్టలేకపోయినా, లోపలి నుంచి వచ్చేదాన్ని పట్టుకోవచ్చు కదా! రేడియోధార్మిక పదార్థం, అయస్కాంతం, మంచి వాక్యూమ్, బోలెడంత ఓపిక ఉంటే చాలు. చివరిదానికి హిమాలయాల్లో ట్రైనింగ్ అయిందనుకోవాలేమో.

1956లో న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రత్యేక విభాగమైంది. అరవై దగ్గరపడ్డ వయసులో ఆయన మొదలుపెట్టిన పని అది. 1969 సెప్టెంబరు 21న కన్నుమూసేదాకా ఆయన సన్యాసిగానే ఉన్నారు.