మేడమ్ క్యూరీ విద్యాదీక్ష

వార్సా నగరమున 1867వ సంవత్సరము నవంబరు 7వ తేదీన మేరియా స్క్లొడోవ్‌స్కా జన్మించెను. ఈమెయే తరువాత మేడమ్ క్యూరీ అను పేరున లోకప్రఖ్యాతి గాంచెను. ఆనాడు పోలెండు దేశమున ఆ భాగము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. ఆమె తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించు నుపాధ్యాయుడు. దేశాభిమాని యగుటచే ఆయనపై అధికారులకు కంటగింపు కలిగి, పదవిని తగ్గించిరి. కూడబెట్టిన సొమ్ము ఒక బంధువు వ్యాపారములో మునిగిపోయెను. మేరియా పదేండ్ల పిల్లగా నున్నపుడే తల్లి క్షయవ్యాధితో మరణించెను.

1883లో మేరియా స్వర్ణపతకముతో ఉన్నత పాఠశాల చదువు ముగించెను. కాని వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. పారిసులో కలదు, అచ్చటికి పోవుటకు ధనము లేదు. అక్క బ్రోనియాకు వైద్యవిద్య నభ్యసింపవలెనని కోరిక. అక్కచెల్లెండ్రు పాఠములు చెప్పి సంపాదించిన కొలది పైకము ఇరువురి చదువునకు చాలదయ్యెను. అప్పుడు మేరియా ఒక యుపాయము నాలోచించెను. ముందు అక్క పారిసునకు పోవలెను. తాను కొలువు చేసి ఆమెకు ధనము పంపవలెను. అక్క వైద్యురాలైన పిమ్మట చెల్లెలికి తోడ్పడవలెను. చెల్లెలిని వెనుక విడిచి పోవుటకు బ్రోనియా మొదట ఒప్పుకొనలేదు. తుదకు మేరియా పట్టుదలయే గెలిచెను.

1886 జనవరిలో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, మేరియా దూరపు పల్లెలో ఒక సంపన్నుల యింట పిల్లలకు చదువు చెప్పు కొలువులో చేరెను. జీతము ఏటికి 500 రూబుళ్లు. అందు కొంత భాగమును అక్కకు పంపుచుండెను. తీరిక వేళలలో రైతుల బిడ్డలకు పోలిషు భాషలో చదువను వ్రాయను నేర్పెను. అది ప్రభుత్వమునకు తెలిసినచో శిక్ష తప్పదు. రాత్రులు ఒంటరిగా శాస్త్రగ్రంథములు చదివెను. చిక్కులెక్కలను తండ్రి ఉత్తరముల మూలమున బోధించుచుండెను.

ఆ యింటి పెద్దకుమారుడు ఆమెను వివాహమాడ గోరెను. పేదపిల్ల యని అతని తల్లిదండ్రులు నిరాకరించిరి. మేరియా మనసు మిక్కిలి నొచ్చెను. అయినను కొలువు మానినచో అక్క చదువు సాగదు. కావున ఆమె అవమానమును దిగమ్రింగి, 1889 వఱకు అచ్చటనే పని చేసెను.

1890లో బ్రోనియా తన మాట నిలుపుకొని, పారిసునకు రమ్మని చెల్లెలికి జాబు వ్రాసెను. ఇన్నేండ్లుగా ఎదురు చూచిన పిలుపు వచ్చినను, వృద్ధుడైన తండ్రిని విడువలేక మేరియా మఱియొక యేడు ఆయన చెంతనే యుండెను. 1891 నవంబరులో, సుమారు ఇరువది నాలుగేండ్ల వయసున, పారిసు విశ్వవిద్యాలయమున చేరెను. ఇంటికప్పు క్రింది చిన్నగదిలో చలికి వణకుచు, అరకొర తిండితో చదివి, 1893లో భౌతికశాస్త్ర పరీక్షయందు ప్రథమస్థానము, 1894లో గణితమున ద్వితీయస్థానము పొందెను. ఆ మధ్య లభించిన 600 రూబుళ్ల విద్యార్థి వేతనమును, మఱియొక పేద విద్యార్థికి అక్కఱకు వచ్చునని తలచి, సంపాదన కలిగిన వెంటనే తిరిగి చెల్లించెను.

1898లో భర్త పియరీ క్యూరీతో కలసి పొలోనియము, రేడియము అను మూలకములను కనుగొనెను. 1903లో భౌతికశాస్త్రమునకు, 1911లో రసాయనశాస్త్రమునకు నోబెలు బహుమానములు పొందెను. 1932లో వార్సా నగరమున రేడియము చికిత్సాలయము నెలకొల్పబడినపుడు దాని నిర్వహణ భారమును వహించినది వైద్యురాలైన బ్రోనియాయే. 1934 జులై 4వ తేదీన మేడమ్ క్యూరీ పరమపదించెను.

తోబుట్టువు కొఱకు తన చదువును వాయిదా వేసెనే కాని, మేరియా దానిని విడిచిపెట్టలేదు. ఒకరి నొకరు నమ్ముకొన్న ఆ యక్కచెల్లెండ్ర చరిత్ర పేదరికమున చదువుకొను వారి కెల్లరకు ధైర్యము గొలుపునట్టిది.