చెహోవ్ గృహములు – సోదరి సంరక్షణ

రష్యాదేశమునకు దక్షిణపు టంచున, అజోవ్ సముద్రతీరమున, టాగన్రోగ్ అను రేవుపట్టణము కలదు. ఆ యూర నొక చిన్న యింట 1860 జనవరి 29వ తేదీన ఆంటన్ చెహోవ్ జన్మించెను. అతని తాత భూస్వామికి కట్టుబానిస. కూడబెట్టిన సొమ్ము చెల్లించి 1841లో తన కుటుంబమును విడిపించుకొనెను. తండ్రి పావెల్ పచారుకొట్టు నడిపెడివాడు. ఆయనకు దైవభక్తి మెండు. కోపము అంతకన్న మెండు. 1876లో వ్యాపారము దివాలా తీయగా, అప్పులవారి కంటబడకుండ మాస్కో నగరమునకు పారిపోయెను. సొంత యిల్లు అందులోనే అద్దెకుండిన వాని పరమయ్యెను. పదునారేండ్ల ఆంటన్ ఆ యింటనే, కొత్త యజమాని మేనల్లునికి చదువు చెప్పుచు, మూడేండ్లు ఒంటరిగా గడపెను. సొంత యింట పరాయివాడై యుండుట యెట్టిదో అతనికి ఆ వయసుననే తెలియవచ్చెను. చిట్టచివరి నాటకమైన ‘చెర్రీతోట’లో వేలమునకు పోవు ఇంటి కథనే యతడు చెప్పుట కాకతాళీయము కాదు.

1879లో మాస్కో చేరి వైద్యవిద్యాలయమున ప్రవేశించెను. తలిదండ్రులను, తోబుట్టువులను పోషించుటకు హాస్యపత్రికలకు చిన్న చిన్న కథలు వ్రాసెను. 1884లో వైద్యుడయ్యెను, ఆ సంవత్సరాంతముననే గొంతునుండి రక్తము పడెను. తాను వైద్యుడై యుండియు ఆ సూచనను చాలకాలము అంగీకరింపలేదు.

1890లో ఎవరును కోరకయే సైబీరియా దాటి సహాలిన్ దీవికి పోయెను. అది ఖైదీల ద్వీపము. అచట ఇంటింటికి తిరిగి, తన చేతితో దాదాపు 10,000 జనాభా కార్డులు నింపెను. కచేరీ ఉద్యోగములలో తలపండినవారు సైతము ఆ శ్రమకు జోహారులర్పింపవలసినదే! తిరుగు ప్రయాణమున ఓడ కొలంబోలో ఆగెను. మన పొరుగున నున్న ఆ సింహళదీవి అతనికి స్వర్గతుల్యముగ తోచెను. అచట ముంగిసలను కొని ఇంటికి తీసికొనిపోయెను. అవి మాస్కో యింట చేసిన అల్లరి అంతింత కాదు. ఒక ముంగిస తుదకు జంతుప్రదర్శనశాలకు చేరెను.

1892లో మాస్కోకు దక్షిణమున మెలిహొవో గ్రామమున భూమిని, ఇంటిని కొనెను. కట్టుబానిస మనుమడు భూస్వామి యయ్యెను. ఆ యేడు కలరా వ్యాపింపగా 25 గ్రామముల వైద్యభారమును జీతము లేకుండ వహించెను. ఆ ప్రాంతమున మూడు బడులు కట్టించెను. తోటలో వేయించుకొనిన చిన్న కుటీరమున 1895లో ‘సముద్రపక్షి’ నాటకము వ్రాసెను. మరుసటి యేట పీటర్సుబర్గులో దాని తొలి ప్రదర్శన ఘోరముగ విఫలమయ్యెను. 1898లో మాస్కో ఆర్టు థియేటరువారు దానినే ప్రదర్శింపగా జనులు బ్రహ్మరథము పట్టిరి. కాని ఆ ప్రదర్శననాటికి రచయిత మాస్కోలో లేడు. క్షయ ముదిరి, ఉష్ణవాతావరణమునకై క్రిమియాలోని యాల్టా చేరియుండెను.

యాల్టాలో కొండవాలున స్థలము కొని, 1899లో తెల్లని యిల్లు కట్టించుకొనెను. తోట తానే నాటెను. ‘ముగ్గురు అక్కచెల్లెండ్రు’, ‘చెర్రీతోట’ అచటనే వెలువడినవి. నాటకము చూడ రచయిత రాలేకపోవుటచే, 1900 వసంతమున నటబృందమే క్రిమియాకు వచ్చెను! మిత్రుడైన చిత్రకారుడు లెవిటన్ అతని గదిలోని పొయ్యి గూటిపై వెన్నెలలో గడ్డివాములను చిత్రించి యిచ్చెను. 1901లో నటీమణి ఓల్గా క్నిప్పరును పెండ్లాడెను. 1904 జులై 15న జర్మనీలోని బాడెన్‌వైలరులో మరణించెను. వయస్సు 44. శవపేటిక మాస్కోకు గుల్లచేపలు తెచ్చు బండిలో వచ్చెనట! అతడు బ్రతికియున్నచో దానిపై ఒక కథ వ్రాసియుండెడివాడు.

ఇక అతని చెల్లెలు మరియా సంగతి. ఆమె 1863లో జన్మించెను; మాస్కోలో ఉపాధ్యాయిని. యౌవనమున నొకరు తనను పెండ్లాడ గోరిన విషయము అన్నకు తెలిపెను. అన్న ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమును ఆమె ఆజ్ఞగా గ్రహించి పెండ్లి మానుకొనెను. చెహోవ్ వంటి సహృదయుడు ఒక మాట నోట రానీయకపోవుట అతని జీవితమున నొక మచ్చయే. 1901లో ఆమె పేర వ్రాసిన ఉత్తరము ద్వారా యాల్టా గృహమును ఆమెకు విడిచెను. ఆమెయు, తల్లియు గతించిన పిమ్మట మిగిలినది టాగన్రోగ్ పట్టణమున విద్యావ్యాప్తికి చెందవలెనని కోరెను. తన్ను వెళ్లగొట్టిన యూరి గ్రంథాలయమునకు అతడు ఏటేట పుస్తకములు పంపుచునే యుండెను.

మరియా ఆ యింట ఒక వస్తువునైనను కదలనీయలేదు. వ్రాతబల్ల, కలములు, కండ్లజోడు, పై కోటు ఉన్నచోటనే యుంచెను. 1912–1916 నడుమ అన్న లేఖలను ఆరు సంపుటములుగ ప్రకటించెను. విప్లవము, అంతర్యుద్ధము, కరవు వచ్చిపోయెను. 1919లో తల్లి మరణించెను. 1921లో ప్రభుత్వము ఆ గృహమును మ్యూజియముగ స్వీకరించి ఆమెనే అధికారిణిగ నియమించెను. 1927లో భూకంపము గోడలను బీటలువార్చెను.

1941లో జర్మను సేనలు యాల్టాను ఆక్రమించెను. అప్పటికామెకు 78 ఏండ్లు. ఇతరులు ఊరు విడిచిపోవుచుండినను ఆమె కదలలేదు. ఒక జర్మను సైనికాధికారి వచ్చి యింట విడిది చేసెను. అన్న వ్రాతగదిని, పడకగదిని మాత్రము అతని కీయ నిరాకరించెను. ఆయుధము లేని ముదుసలి మాటకు ఆ అధికారి లొంగుట వింతయే. చెహోవ్ అభిమానించిన జర్మను నాటకకర్త హాప్ట్‌మన్ చిత్రమును గోడపై కనబడునట్లు ఆమె తగిలించెనని అందురు. ఆకలి, చలి, పగిలిన కిటికీ అద్దములు – వీనితో రెండేండ్లకు పైగా గడచెను. 1944 ఏప్రిలులో పట్టణము విముక్తి చెందునప్పటికి లెవిటన్ చిత్రము గూటిలోనే యున్నది. 1957 జనవరిలో, 93వ యేట, ఆ యింటి అధికారిణిగనే ఆమె కన్నుమూసెను.

మెలిహొవోకు అట్టి కాపరి లేకపోయెను. 1899లో అమ్ముడుపోయిన పిమ్మట అచటి పెద్ద యిల్లు శిథిలమై నేలమట్టమయ్యెను. 1940లో మ్యూజియము నెలకొల్పిన వెనుక, ఎరిగినవారి జ్ఞాపకములను ఆధారము చేసికొని 1960 నాటికి ఇంటిని తిరిగి నిర్మించిరి. ‘సముద్రపక్షి’ వ్రాసిన కుటీరము మాత్రము నాటిదే.